పూలజడ పటం

బొబ్బిలిలో దాలినాయుడు అనే చిత్రకారుడు ఉండేవాడు. మెప్పు తెచ్చే పని ముందు చేసి, కష్టమైన పనిని తరువాతకి నెట్టడం అతని అలవాటు. అతను తైలవర్ణాలతో వేసిన పూలను చూడడానికి పార్వతీపురం నుంచి కూడా జనం వచ్చేవారు. మనుషుల ముఖాలు మాత్రం అతనికి అంత సులువుగా లొంగేవి కావు.

ఒకరోజు పూలమ్మే పైడమ్మ తన కూతురు గౌరిని వెంటబెట్టుకుని వచ్చింది. గౌరికి పదహారేళ్లు. గుండె జబ్బు. ఇక మందులు పనిచేయవని వైద్యులు చెప్పేశారు. ఇంట్లో పిల్ల ఫొటో ఒక్కటీ లేదు. పూలజడతో పటం వేయించుకోవాలని తల్లి ఆశ. ముందుగా ముఖం వేయమని ఆమె బతిమాలింది.

"పూలు సాయంత్రానికి వాడిపోతాయమ్మా. ముఖం ఎక్కడికి పోతుంది?" అన్నాడు దాలినాయుడు.

పైడమ్మ రోజూ పొద్దున్నే మల్లెలు, కనకాంబరాలు, మరువం కూతురి జడలో కుట్టి, పిల్లను తీసుకొచ్చేది. గౌరి ఆయాసపడుతూ కిటికీ పక్కన కూర్చునేది. అతను ఒక్కో మొగ్గనూ తీర్చిదిద్దేవాడు. రంగు ఆరాక పైన మళ్లీ మెరుపు అద్దేవాడు. చూసినవాళ్లు మెచ్చుకుంటే ఇంకొన్ని పూలు చేర్చేవాడు. ఇరవై రోజులు గడిచాయి. ముఖం ఉండవలసిన చోట గోధుమరంగు పూత తప్ప ఏమీ లేదు.

"రేపు నా ముఖం వేస్తారా?" అని గౌరి అడిగింది. సోమవారం మొదలుపెడతానన్నాడు.

ఆదివారం గౌరి చనిపోయింది.

దాలినాయుడు తలుపు వేసుకుని, గుర్తున్నంతలో ముఖం వేయబోయాడు. కళ్లు వేశాడు. అవి ఎవరి కళ్లో. తుడిచేసి మళ్లీ వేశాడు. మళ్లీ తుడిచేశాడు. ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చున్న పిల్లను తను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది. కుంచె పక్కన పెట్టి ఏడ్చాడు.

పదకొండో రోజు వెళ్లాక పైడమ్మ వచ్చింది. పటం ముందు చాలాసేపు నిలబడింది. ముఖం తనకు రావడం లేదని అతను తల దించుకుని చెప్పాడు. ఆమె తిట్టలేదు.

"పూలు రోజూ నా చేతుల్లోనే ఉంటాయి బాబూ. నాకు నా పిల్ల కావాలి," అంది.

పటం తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ తరువాత దాలినాయుడు ఎన్నో ముఖాలు వేశాడు. గౌరి ముఖం మాత్రం ఎన్నటికీ వేయలేకపోయాడు.

మెప్పు కోసం చేసే పని ఎప్పుడైనా చేయవచ్చు. మనిషి కోసం చేయవలసిన పనిని ఆ మనిషి ఉండగానే చేయాలి.