వరస కట్టిన బాతులు

ఎండలు ముదిరేసరికి కొల్లేరు కుంచించుకుపోయి, బురదలో అక్కడక్కడా మడుగులు మిగిలాయి. ఆ మడుగుల్లో నత్తలు ఏరుకు తినే బాతుల మందకు నీలాలు పెద్ద. తెల్లారితే బాతులు తలో దిక్కూ పోయేవి. నత్తలు దొరికిన బాతు కేకేసేది. దగ్గర్లో ఉన్నవి వచ్చి వాలేవి, మిగతావి ఇంకా వెతుకుతూనే ఉండేవి. ఆ గోలంటే నీలాలుకి తలనొప్పి.

నక్కకీ తలనొప్పే. ఎటునుంచి వచ్చినా ఏదో ఒక బాతు కంట పడేది. ఒకరోజు గట్టు మీద కూర్చుని మాట కలిపింది.

"వదినా, ఇది మందా, సంతా? నిన్న ఎక్కడ బాగా దొరికాయో అక్కడికే అందరూ వరసగా నడిస్తే ఎంత ముచ్చట. నీ పెద్దరికానికీ అందం."

పెద్దరికం అన్న మాట నీలాలుకి నచ్చింది. మర్నాటి నుంచి వరస తప్పిన బాతునల్లా ముక్కుతో పొడిచేది. మొదట్లో బాగానే గడిచింది. తుంగ పొదల పక్క మడుగులో అందరికీ కడుపు నిండింది. రానురాను నత్తలు తగ్గాయి. అయినా అక్కడికే పోయేవి, ఇంకో చోటు ఎవరూ చూడలేదు మరి. ఒక పొద్దున వరస చివర నడిచే ముసలి బాతు కనిపించలేదు. తుంగ మొదట్లో ఈకలు పడున్నాయి.

"అక్కా, నేనీ వరసలో రాను," అంది చెల్లెలు గౌరు.

"నువ్వే రాకపోతే నా మాట ఇంకెవరు వింటారు?"

"విన్నందుకే ఆ ముసలమ్మ పోయింది."

నీలాలు పొడవబోయి ఆగిపోయింది. గౌరు ఒంటరిగా ఎగిరిపోయింది. మంద తుంగ దాకా వచ్చేసరికి అవతలి గట్టు నుంచి కేక వినిపించింది.

"అక్కా, ఆగు. తుంగలో నక్క పొంచి ఉంది. ఇటు రండి, కొత్త మడుగు దొరికింది."

వెళ్తే తన తప్పు పదిమందిలో ఒప్పుకున్నట్టే. నీలాలు వెనక్కి చూసింది. వరస చివర పిల్లల తల్లి కుంటుతూ వస్తోంది.

"ఎగరండి," అంది నీలాలు.

డొక్కలెండిన నక్క కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. "గౌరుదే తెలివి వదినా. ఇక పిలుపులూ వద్దు, పెద్దరికమూ వద్దు. ఎవరి దారి వాళ్లు చూసుకుంటే పోలా?"

"వెతికేటప్పుడు విడిపోతాం, దొరికితే పిలుచుకుంటాం మరిదీ. రెండింట్లో ఏది మానినా నిండేది నీ కడుపే."

నక్క గట్టు దిగి వెళ్లిపోయింది.

నీతి: విడిగా వెతకడం, దొరికితే పిలుచుకోవడం రెండూ తెలిసిన మందే బతుకుతుంది.