ఖాళీ కుండకి కాపలా

గవరమ్మ మొగుడు రాజుగారి సైన్యం వెంట బండి తోలుకుని వెళ్లి నాలుగేళ్లయింది. వెళ్లేముందు ఒక కుండెడు కొర్రలు రాజుగారి గాదెలో దాచి, "నేనొచ్చిన రోజున వీటితోనే అన్నం వండాలి" అన్నాడు. అందుకే ఆమె కూలి చేసి గంజి తాగింది గానీ ఆ కొర్రలు ముట్టలేదు.

ఒకనాడు గాదెల అధికారి చిత్తరయ్య మనుషులొచ్చి, ఆమే గాదెకి రెండు కుంచాల గింజలు బాకీ పడిందన్నారు. గవరమ్మ తిన్నగా కొలువుకెళ్లి రాజుగారి ముందు నిలబడింది. రాజు చిత్తరయ్యని పిలిపించాడు.

"ప్రభూ, కాపలా కూలి ఏటా కుంచెడు. దాచినవాళ్ల కుండలోంచే తీసుకోవడం గాదె రివాజు. రెండేళ్లకే ఈవిడ కుండ ఖాళీ అయింది. ఆ తర్వాతి కూలి తమరి ధాన్యపు రాశిలోంచి తీసి ఈవిడ పేర రాశాం. తన కుండ సంగతి తను చూసుకోవద్దా?" అన్నాడు చిత్తరయ్య.

"తాళంచెవి తమ దగ్గరుంటే నేనెలా చూసేది? పోనీ, ఖాళీ అయ్యాక ఆ కుండలో దేనికి కాపలా కాశారయ్యా?" అంది గవరమ్మ.

ఆమె రాజుగారి వైపు తిరిగింది.

"ఖాళీకి కాపలా కాసినా కూలి ఉందంటే నాకూ ఇప్పించండి ప్రభూ. మీ బండ్లు వెళ్లిన దారిని రోజూ పొద్దుగూకేదాకా కాస్తున్నాను. అదీ ఖాళీగానే ఉంది."

రాజు బాకీ కొట్టేయించి, చిత్తరయ్య సొంత గింజలతో కుండ నింపించి, బండ్లవాళ్ల జాడ కోసం రౌతును పంపాడు.

"కుండ గాదెలోనే ఉంచమంటావా?" అని అడిగాడు.

"వద్దు ప్రభూ," అంది గవరమ్మ, కుండ చంకనెత్తుకుంటూ. "ఆ దారి ఎలాగూ కాస్తున్నాను. దీన్నీ పక్కన పెట్టుకుని కాస్తాను."