ఉస్తాద్ పీకిన బిళ్ళ సెల్లు

గాదిలింగకు ఒక సందేహం వచ్చింది. వాడికి సందేహం వస్తే వాడొక్కడితో పోదు, కొట్టంతా పడాలి.

"అక్కా, జత డిస్కులు పెట్టినాక మళ్ళీ ఇంకోదాంట్లో నకలు తీసి బీరువాలో ఎందుకు పెట్టల్ల? దండగ కాదా?"

పొద్దున్నుంచీ ఇదే పాట. నేను చెప్పాల్సింది చెప్పాను, అరవాల్సింది అరిచాను. వాడు చెవిన ఇల్లు కట్టుకుని పోరినా వినేరకం కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మాది ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. కొట్టు పెద్ద దస్తగిరి సాయిబు. ఊరందరికీ ఉస్తాద్. నేను ఆయన దగ్గర పని నేర్చుకుని అక్కడే ఉండిపోయాను. గాదిలింగ కోర్సు చదివి, సర్టిఫికెట్ పట్టుకుని, పోయిన ఏడాది ఉగాది అయినాక చేరాడు. తెలివైనవాడే. తెలివి లేనివాడితో ఇంత బాధ ఉండదు.

కొట్టులో ఒక్కటే నియమం. ఏ మిషను వచ్చినా, స్క్రూడ్రైవర్ పట్టకముందు అందులో ఉన్నదంతా వేరే డిస్కులోకి నకలు తీయాలి. ఆ డిస్కును బీరువాలో పెట్టాలి. పని అయిపోయి, మనిషి వచ్చి, చూసుకుని, సరే అన్నాకే దాన్ని తుడవాలి. ఉస్తాద్‌కు ఆయన ఉస్తాద్ చెప్పిన మాట ఇది.

ఆ వారం సువార్తమ్మ టీచర్ మిషను వచ్చింది. ఆమె చూపులేని పిల్లల హాస్టల్లో టీచరు. పాఠ్యపుస్తకాలన్నీ తానే పైకి చదివి, రికార్డు చేసి, ఏళ్ళ తరబడి ఆ మిషన్లో దాచింది. గొంతు నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా చదివింది. పిల్లలు వాటినే విని పరీక్షలు రాస్తారు. డిస్కు నిండిపోయి కొత్త పాఠాలకు చోటు లేదట. "ఇంకో డిస్కు తగిలించండప్పా, జాగ్రత్త. మా పిల్లలకు వేరే పుస్తకాలు లేవు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి పోయింది. ఇంటర్ పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి.

ఆ పని వీడి చేతిలో పడింది. నేను రెండురోజులు పెళ్ళికి పోయి వచ్చేసరికి వీడు చేసిన ఘనకార్యం వినండి.

ఆ మిషను మదర్‌బోర్డులోనే రెయిడ్ అని ఒక ఏర్పాటు ఉంది. రెండు డిస్కుల్ని జత కడుతుంది. ఒకదాంట్లో ఏం రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుంది. ఒకటి చెడిపోయినా రెండోది బతికి ఉంటుంది. మంచిదే, కాదనను. వీడు కొత్త డిస్కులు రెండు తెచ్చి జత కట్టాడు. పాఠాలు, సిస్టం, సమస్తం వాటిలోకి ఎక్కించాడు. అక్కడితో ఆగితే వాడు గాదిలింగ ఎందుకవుతాడు? పాత డిస్కును శుభ్రంగా తుడిచేసి, కొత్త పాఠాలకు చోటు అని దాన్నీ అందులోనే బిగించాడు. బీరువాలో నకలు? లేదు.

"రెండు ఉండాయి కదక్కా! రెండూ ఒకేసారి పోతాయా యాడన్నా?"

నా తల ప్రాణం తోకకొచ్చింది. "ఒరేయ్, నువ్వు నన్ను అడగొద్దు. పోయి ఆయన్ను అడుగు పో" అన్నాను.

పోయి అడిగాడు, సిగ్గులేకుండా. ఉస్తాద్ టీ తాగుతున్నాడు. అంతా విన్నాడు. నాకైతే వొళ్ళు మండిపోతోంది, ఈయన గ్లాసులో ఊదుకుంటున్నాడు.

"ఆ జత మీద నీకు నమ్మకమేనా?" అన్నాడు.

"నా ప్రాణం పెట్టొచ్చు ఉస్తాద్."

"నీ ప్రాణం ఎవరిక్కావాలప్పా. టీచరమ్మ పాఠాలు పెట్టినావు."

గ్లాసు పక్కన పెట్టి లేచాడు. మిషను ఆపించి, ప్లగ్గు పీకించి, పక్క మూత తీశాడు. డిస్కులు ముట్టుకోలేదు. వాటి తీగలూ ముట్టుకోలేదు. బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి సెల్లు ఒకటి ఉంటుంది. గోటితో దాన్ని పైకి లేపాడు. కాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. మళ్ళీ దాని గూట్లో దాన్ని నొక్కాడు.

"పెట్టు" అన్నాడు.

గాదిలింగ స్విచ్ వేశాడు. సిస్టం తెరుచుకోలేదు, నీలం తెర వచ్చింది. మిషను దానంతటదే ఆగి మళ్ళీ మొదలైంది. మళ్ళీ నీలం.

సరిగ్గా అప్పుడే సువార్తమ్మ టీచర్ మెట్లెక్కి వచ్చింది. ఆమె భుజం మీద చేయి వేసుకుని రంగవేణి అనే హాస్టల్ పిల్ల. ఇంటర్ రెండో ఏడాది. సోమవారం దానికి చరిత్ర పరీక్ష.

"అయిందా అప్పా?" అంది టీచర్.

ఆమె తెర వంక చూసింది. "ఏమైంది? పాఠాలు ఉండాయా?"

"ఒక్క నిమిషం టీచర్" అన్నాడు గాదిలింగ. వాడి మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది.

"పోనీ, పాత డిస్కులో ఎట్లాగూ ఉంటాయి కదా?"

దాచి ఏం లాభం, నేనే చెప్పాను. "అది తుడిచేశాడు టీచర్."

ఆమె స్టూలు మీద కూలబడింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. రంగవేణి చేయి పట్టుకుని కూర్చుంది. ఆ క్షణాన నాకు గాదిలింగ మీద కంటే ఉస్తాద్ మీద ఎక్కువ కోపం వచ్చింది. బుద్ధి చెప్పడానికి ఇదేనా దొరికింది ఈయనకు?

ఒక మాట చెప్పాలి. ఆ సెల్లు తీస్తే డిస్కుల్లో ఉన్నది పోదు. బోర్డుకు మతి పోతుంది, అంతే. ఆ రెండూ జత అన్న సంగతి మరిచిపోతుంది. గుర్తుచేస్తే చాలు, అదే కలుస్తుంది. అది నాకూ తెలుసు, ఉస్తాద్‌కూ తెలుసు. పాఠాలు పోయేది సెల్లు వల్ల కాదు. ఆ తరువాత కంగారులో మనిషి నొక్కేదాని వల్ల.

గాదిలింగ సెట్టింగుల్లోకి పోయాడు. రెయిడ్ ఆపి ఉండటం చూశాడు, వేశాడు. అంతవరకు బాగానే ఉంది. అక్కడ ఆగొచ్చు కదా! ఆగడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు. జత విడిపోయింది కాబట్టి మళ్ళీ కట్టాలనుకున్నాడు. లోపలి పేజీలోకి దూరి, డిస్కులు రెండూ ఎంచి, కొత్తగా జత కట్టమని చెప్పాడు. ఎర్ర అక్షరాలతో ఏదో ప్రశ్న వచ్చింది. ఏముందో చూడలేదు. వాడి వేలు మీట మీదికి పోయింది.

"పైకి చదువు" అన్నాడు ఉస్తాద్.

"ఏమీలే ఉస్తాద్, మామూలుగా అడిగేదే..."

"టీచరమ్మ పుస్తకం పుస్తకమంతా పైకి చదివింది. నువ్వు ఒక్క వాక్యం చదవలేవా?"

రంగవేణి తల ఇటు తిప్పింది. "ఏమడుగుతోంది అన్నా అది?"

ఆ పిల్ల కోసం వాడు తెలుగులో చదివాడు. "ఈ రెండు డిస్కుల్లో ఉన్నదంతా..."

ఆగాడు.

"ఉన్నదంతా?" అంది రంగవేణి.

"...చెరిపేస్తాను. సరేనా?"

వాడి వేలు ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి తీసుకున్నాడు.

"వద్దను. బయటికి రా" అన్నాడు ఉస్తాద్.

వద్దన్నాడు. బయటికి వచ్చాడు. మిషను మొదలైంది. తెర మీద జత పేరు కనిపించింది, ఆ తరువాత సిస్టం తెరుచుకుంది. గాదిలింగ ఏదో ఒక పాఠం నొక్కాడు. సువార్తమ్మ టీచర్ గొంతు వచ్చింది, మధ్యలో దగ్గుతూ, "మళ్ళీ చదువుతాను, వినండి" అంటూ. రంగవేణి ముఖం వెలిగింది. టీచర్ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ అరగంటలో నా ఆయుష్షు సగం పోయింది, దానికి ఎవరిని అడగాలో తెలియలేదు.

ఉస్తాద్ పోయి తన గ్లాసు దగ్గర కూర్చున్నాడు. టీ చల్లారిపోయి ఉంటుంది. అదే తాగాడు.

"ఇంక ఆటోలో పెట్టించండి, పోతాం" అంది టీచర్ లేస్తూ.

"ఇప్పుడే వద్దు టీచర్" అన్నాడు గాదిలింగ. "రేపు పొద్దున నేనే తెచ్చిస్తా. చరిత్ర పాఠాలు ఇప్పుడు ఫోన్లోకి ఎక్కించిస్తా, రంగవేణి వింటాది."

"ఎందుకప్పా, పలుకుతోంది కదా? రెండు ఉండాయని నువ్వే ఫోన్లో చెప్తివి?"

వాడు ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ వాడి వైపు చూడలేదు.

"లేవు టీచర్" అన్నాడు. "ఒక్క మీటకు రెండూ పోయేవి. ఒకటే ఉంది."

నా దగ్గరికి వచ్చి చేయి చాపాడు. ఎప్పుడూ లేంది, ఎందుకని అడగలేదు, వాదించలేదు. బీరువా తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టాను.