నీలం దారం కట్టిన దానిమ్మలు

మంచుగదిలో దానిమ్మలు చెడిపోతున్నాయి. అన్నీ కాదు, నీలం దారం కట్టినవి మాత్రమే. హారూన్‌కి మనసు మనసులో లేదు.

కొండమీద పీర్ సఫ్దర్ సాహెబ్ ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. శిష్యుల్లో ఎవరు కోసిన పండుకు వాళ్ళు తమ రంగు దారం కట్టి మంచుగదిలో దాచాలి. చలికాలం చివర కొండెక్కి వచ్చే రోగులకు ఆ పండ్లే పెడతారు. అందరికీ చెట్లు అప్పజెప్పే పెద్ద శిష్యుడు హారూన్‌ది ఎర్ర దారం. నీలం దారం ఎడారి ఊరినుంచి వచ్చిన ఇద్రీస్‌ది.

అనుమానం పెనుభూతం. ఇద్రీస్ వేకువ నమాజులో వెనక వరసలో, వంటగది గోడ దగ్గరే ఎందుకు నిలబడతాడు? పండ్ల మాటెత్తితే తల ఎందుకు దించుకుంటాడు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కాదూ ఇది?

"మంచి పండ్లు ఎవరికో ఇచ్చేసి కుళ్ళినవి పెడుతున్నాడు. వాణ్ణి పంపించెయ్యండి" అన్నాడు హారూన్ గురువుతో. ఇద్రీస్‌కి కొండ కింద నా అన్నవాళ్ళు లేరని తెలిసే అన్నాడు ఆ మాట.

పీర్‌సాహెబ్ తోటలోకి వెళ్ళి గుమ్మం దగ్గరి చెట్టుది ఒక పండు, గోడవార చెట్టుది ఒక పండు స్వయంగా కోశారు. రెండింటికీ తెల్ల దారం కట్టారు. మంచుగదిలో పక్కపక్కన పెట్టి తాళం వేసి, తాళంచెవి హారూన్ మెడలో వేశారు.

నెలరోజులు హారూన్ స్నానానికి కూడా దాన్ని తియ్యలేదు.

నెల తర్వాత తలుపు తెరిచి, గురువు రెండు పండ్లూ చీల్చారు. ఒకదాంట్లో గింజలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. రెండోదాంట్లో కమిలి నల్లబడ్డాయి.

"ఇద్రీస్ లోపలికి వచ్చాడా?"

"లేదు."

"మరెవరొచ్చారు? తాళంచెవి నీ దగ్గరే ఉందిగా."

హారూన్ మెడ తడుముకున్నాడు.

"ఈ కమిలిన పండు గోడవార చెట్టుది. దీని విత్తనం ఇద్రీస్ ఊరి వైపుదే. చలికి ఓర్చుకోవడం దాని పుట్టుకలో లేదు. ఆ చెట్టు ఇద్రీస్‌కి అప్పజెప్పిందెవరు?"

"నేనే" అన్నాడు హారూన్. గుమ్మం దగ్గరిది తనే ఉంచుకున్నాడు.

"దారం కట్టినవాణ్ణి చూశావు నాయనా. కాసిన చెట్టును చూడలేదు."

మర్నాడు వేకువ నమాజుకు ఇద్రీస్ ఎప్పటిలాగే వెనక వరసలో, వంటగది గోడ వెచ్చదనానికి దగ్గరగా వణుకుతూ నిలబడ్డాడు. హారూన్ ముందు వరసలోంచి వెనక్కి నడిచి, తన కంబళి తీసి అతని భుజాలమీద కప్పాడు.