లంకరేవులో వినపడని కేక

"అడగనివాణ్ణి ఆదుకోవడం మన పనేనా, స్వామీ?" అని వామదేవుడు అడిగాడు. గుహేశ్వరస్వామి ఆశ్రమంలో చేరిన నాటి నుంచీ అతన్ని ఈ సందేహం వేధిస్తోంది. అక్కర ఉన్నవాడు నోరు తెరిచి అడుగుతాడు, అడగనివాడి జోలికి వెళ్లడం అహంకారం అని అతని వాదం. స్వామి వాదానికి దిగే మనిషి కాదు. "రేపు అవతలి లంకకు వెళుతున్నాను, నువ్వూ రా" అన్నారు, అంతే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఇద్దరూ సింగన్న పడవలో గోదావరి దాటుతున్నారు. గాలి లేదు. నీరు కదలకుండా నూనెలా ఉంది. లంకరేవులో పెళ్లివారు స్నానాలు చేస్తున్నారు. వాళ్ల నవ్వులూ పాటలూ పడవ దాకా వినిపిస్తున్నాయి. వాళ్లకు కాస్త ఎడంగా ఒక కుర్రాడు పీకల్లోతు నీళ్లలో నిటారుగా ఉన్నాడు. తల వెనక్కి వాలి ఉంది. నోరు ఒక క్షణం మునుగుతోంది, ఒక క్షణం తేలుతోంది. తడి జుట్టు కళ్ల మీద పడినా తీసుకోవడం లేదు. చేతులు రెండూ పక్కలకు చాపి, కనిపించని మెట్టేదో ఎక్కుతున్నట్టు నీటిని నొక్కుతున్నాడు. చప్పుడు లేదు.

వామదేవుడు నవ్వుతూ చెయ్యి ఊపాడు. కుర్రాడి కళ్లు తెరిచే ఉన్నాయి కాని వాటిలో చూపు లేదు. వామదేవుడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నాయనా, బాగున్నావా?" అని స్వామి కేకవేశారు. జవాబు లేదు.

"సింగన్నా, అటు తిప్పు!"

వామదేవుడు కండువా విసిరేసి దూకబోయాడు. స్వామి అతని నడుము పట్టి కూర్చోబెట్టారు. "దూకితే నిన్ను పట్టుకునే పైకి ఎగబాకుతాడు. ఇద్దరూ పోతారు. కూర్చునే ఉండి పడవ గెడ అందించు."

గెడ కొస అరచేతికి తగిలేదాకా పడవ వచ్చిన సంగతే కుర్రాడికి తెలియలేదు. తగలగానే పట్టిన పట్టుకు పడవ ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి. సింగన్న రెండో పక్కకు జరిగి నిలదొక్కుకున్నాడు. ముగ్గురూ కలిసి పడవ వెనకవైపు నుంచి అతన్ని పైకి లాగారు. అక్కడ ఇసుక తవ్విన గొయ్యి ఉందట. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగు అవతలికి వేస్తే కాలికి నేల అందదు.

ఒడ్డున పడుకోబెడితే చాలాసేపు దగ్గాడు. పేరు లోవరాజు. మాట రాగానే, పెళ్లివారిలోంచి పరుగెత్తుకొచ్చిన తల్లికేసి తిరిగాడు.

"ఎంత అరిచానే అమ్మా! గొంతు పగిలేలా నిన్నే పిలిచాను. నువ్వు నాకేసి చూసి నవ్వేవు."

తల్లి నూకరత్నం మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆడుకుంటన్నాడనుకున్నానండీ," అంది స్వామితో. "నాకేసే చూత్తన్నాడు. ఒక్క మాట కూడా వినపళ్లేదండీ బాబూ."

పాట ఆగిపోయింది. అందరూ నదివైపు చూశారు. అది ఇందాకటిలాగే ఉంది. నీళ్లు మింగాడు, తేరుకున్నాడని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని స్వామి చెప్పారు. ఒడ్డంతా ఒక్కసారిగా గోల మొదలైంది. నేనూ చూశాను, నాకూ అనుమానం వచ్చింది, అని తలా ఒక మాట అంటున్నారు.

వామదేవుడు స్వామి పక్కకు వచ్చాడు. "స్వామీ, అతను నిజంగా అరిచాడంటారా?"

స్వామి ఒడ్డుమీది మనుషుల మీద నుంచి చూపు మరల్చలేదు.

"మనసులో అరిచాడు. ఊపిరే అందనివాడికి కేక ఎక్కడిది? మాట్లాడుతున్నవాళ్లను వదిలెయ్," అన్నారు. "వీళ్లలో మాట్లాడనివాళ్లు ఎవరో చూడు."