పెట్టెలోకెళ్ళిన అడకత్తెర

రాజుగారి రథాలు చేసే కొట్టంలో కొయ్యని చెక్కే ప్రతి మర పక్కనా, అందులో కొయ్యని బిగించే ఇనప పిడి తాడుకి వేలాడేది. కొత్త అధికారి రంగరాయుడికి అవలా వేలాడటం నచ్చలేదు.

"చిన్న పనిముట్లన్నీ మా ఇంటి పెట్టెలో ఉండాలి" అన్నాడు.

కొయ్య మార్చినప్పుడల్లా పిడి కోసం ఊరి చివరున్న ఆయన ఇంటికి నడవాల్సొచ్చింది. రథం ఆలస్యమైంది. పనివాళ్ళు బద్ధకస్తులు, తీసెయ్యమని ఆయనే రాజుగారికి చెప్పాడు.

రాజుగారు చూడ్డానికొచ్చారు. రంగరాయుడు తాంబూలం ఇవ్వబోయాడు. పళ్ళెంలో వక్కలున్నాయి, కత్తిరించేది లేదు.

"అడకత్తెర ఏదే, నూకాలూ?"

పళ్ళెం పట్టుకు నిలబడ్డ, మర తిప్పే నూకాలు తలొంచుకుని చెప్పింది. "మరల పిడుల్లాగే అదీ చిన్న పనిముట్టే కదండీ. మీ ఇంటి పెట్టెలోనే పెట్టించాను. వెళ్ళి తెస్తాను, రాజుగారిని కాస్త కూర్చోమనండి."

రాజుగారు వక్క చేత్తో పట్టుకుని నవ్వారు. "రథం ఎందుకు ఆలస్యమైందో తెలిసిందిలే."

మర్నాటికి పిడులన్నీ తమ తమ మరల పక్కకొచ్చాయి, పనివాళ్ళూ పనిలోనే ఉన్నారు. అడకత్తెరని మాత్రం రంగరాయుడే తాంబూలం పళ్ళేనికి తాడుతో కట్టుకున్నాడు.