కొండమీది నగారా

పిల్లలూ, శత్రువులొస్తున్నారని పూర్వం ఊళ్లకి ఎలా తెలిసేది? కోటకొండ మీద నగారా మోగితేనే కదా. ఒక కోటలో ఆ నగారా తోలు తాతలనాటిది, మోత బొంగురుపోయింది. దాన్ని మోగించే చెన్నవ్వ కొత్త తోలు కావాలని రాజుగారి కొలువులో అడిగింది.

"డబ్బు లేదు. పాతదే చాలు," అన్నాడు కోశాధికారి.

చెన్నవ్వ చేతులు కట్టుకుంది. "చిత్తం, దొరా. పైసా ఖర్చు లేకుండా కానిద్దాం. దొంగలొస్తే మోగించడానికి ఖజానా వాకిట్లో కొత్త నగారా పెట్టించారుగా. దాన్ని కొండకి పంపి, నా పాతది ఖజానాకి పెట్టుకోండి."

కోశాధికారి కంగారుపడ్డాడు. "దొంగలు పడితే ఆ బొంగురు ఎవరికి వినబడుతుందే?"

"నేనడిగిందీ అదే, దొరా."

రాజు నవ్వి అప్పటికప్పుడే కొత్త తోలు ఇప్పించాడు. చెన్నవ్వ కొట్టిన మొదటి దెబ్బకి చుట్టుపక్కల ఊళ్లన్నీ తలెత్తి చూశాయి. తన కొండ గొంతు విని ఆవిడ గుండె నిండిపోయింది.

కథ అయిపోయింది పిల్లలూ. ఉండండమ్మా, బియ్యం సగం చెరిగి చాటలోనే వదిలేశాను.